రాత్రంతా సత్యభామ

తెర వెనక నుంచి పొడవాటి జడ ఒకటి ఇవతలికి వచ్చి పడుతుంది. దివిటీల మీద గుగ్గిలం చల్లగానే మంట భగ్గున లేస్తుంది. ఇంకా మనిషి కనబడలేదు, గజ్జెలు మాత్రం వినబడుతున్నాయి. ఆటలో నన్ను గెలిచేవారుంటే వచ్చి ఈ జడ కోయండని సవాలు. కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ రంగప్రవేశం ఇలా ఉండేది.

మా పల్నాట ప్రేమకథ అంటే బాలచంద్రుడు, మాంచాలలదే. అది కారెంపూడి యుద్ధంలో కలిసిపోతుంది. మాచర్ల సీమను ఒరుసుకుంటూ పారే అదే కృష్ణమ్మ డెల్టాకు దిగాక, మొవ్వ దగ్గరి కూచిపూడిలో పెరిగిన ప్రేమకథకు యుద్ధం లేదు. అలక ఉంది. కృష్ణుడు దూరమయ్యాడు, సత్యభామకు నిద్ర లేదు. చెలికత్తె మాధవిని రాయబారం పంపాలి. మొగుడి పేరు చెప్పడానికి సిగ్గు, చెప్పకపోతే మాధవి కదలదు. చివరికి మాధవి ఆమె ముక్కుపుడక అడుగుతుంది. ఇచ్చేదాకా ఊరుకోదు. ఉత్తరం రాయడం, బతిమాలడం, దెప్పడం, మధ్యలో దరువులు, జతులు. కథ ఇంతే. ఈ ఇంతను రాత్రంతా నడిపించేవారు.

దీన్ని సిద్ధేంద్రయోగి కూర్చాడని, కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని ఆయన మాట తీసుకున్నాడని సంప్రదాయం. 1678లో గోల్కొండ పాలకుడు తానీషా ఈ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడనీ చెబుతారు. వేషం కట్టాలన్న ఆ ఒక్క కట్టుబాటే ఈ ఆటను నిలబెట్టిందని నా నమ్మకం. ఇంటింటా ఒక సత్యభామ తయారయ్యే ఊళ్లో ఆట మరుగున పడడానికి తావెక్కడ?

ఈ ఆటలో పాదమూ మాట్లాడుతుంది. పాశ్చాత్య సంగీత నాటకాల్లోనూ అంతే, ట్యాప్ డాన్సర్లు బూట్లకు లోహపు ముక్కలు బిగించి నేలను మోగిస్తారు. 1980లో బ్రాడ్‌వే కెక్కిన అలాంటి నాటకం ‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’ వేల ప్రదర్శనలాడింది. కూచిపూడిలో ఆ మోత ఉట్టి పాదానిది, గజ్జెలది. మృదంగం, తాళాలు జతి వేస్తే పాదం జవాబిస్తుంది. అక్కడా ఇక్కడా నాయిక మనసును ముందు కాళ్లే బయటపెడతాయి.

ఇరవయ్యో శతాబ్దిలో ఆట తీరు మారింది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకు నేర్పారు, ఏకపాత్ర నృత్యానికి దారి వేశారు. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయత మీద చర్చ జరిగింది, మరుసటి ఏడు హైదరాబాదులో మళ్లీ సదస్సు పెట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మ వేషం కడితే మగవాడన్న సంగతి జనం మరిచిపోయేవారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం ఈ నాట్యాన్ని సభా వేదికకు తగిన నిడివికి మలిచారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా పేరు తెచ్చుకున్నారు. చినసత్యం, సత్యనారాయణశర్మ ఇద్దరూ 2012లోనే వెళ్లిపోయారు.

సభల్లోకి రావడం వల్లే ఈ నాట్యం ప్రపంచమంతా తిరిగింది. ఆ మేలు మరువరానిది. కానీ పది, పదిహేను నిమిషాల ప్రవేశ దరువు చూసి భామాకలాపం చూశామనుకోవడం నాకు బాధగా ఉంటుంది. అందులో మాధవి ఉండదు. మాధవి లేకపోతే సత్యభామకు ఎదురుమాట లేదు. ఎదురుమాట లేకపోతే ఆమె గర్వం కరగడం మనకు కనబడదు. పాదం ఎంత బాగా పలికినా సగం నాటకం మాటల్లోనే ఉంది, అదీ మాధవి మాటల్లో.

కోటప్పకొండ శివరాత్రి తిరునాళ్లలో విద్యుత్ ప్రభల దగ్గర తెల్లవార్లూ ఆటపాటలు చూసే జనం మా పల్నాడు జనం. ఇంత ఓపిక ఉన్న ప్రేక్షకులు కోత లేని భామాకలాపానికి ఎక్కడ దొరుకుతారు? వచ్చే శివరాత్రికైనా కూచిపూడి నుంచి ఒక మేళాన్ని పిలిపించి, ముక్కుపుడక బేరం దగ్గర ఒక్క మాటా తగ్గించకుండా ఆడించాలని నరసరావుపేట కళాభిమానులను అడుగుతున్నాను.