ఓల్డ్ ఓల్డ్ యూనేమ్, ఏపీ 15, టీజీ 21

తెలుగులో రాసినంతసేపూ మా వైపు ఊళ్ళతో ఏ గొడవా లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, అంతే. ఇంగ్లీషులోకి వెళ్తేనే తంటా. జగిత్యాలలో "గి" మీది గుడి ఎగిరిపోయి జగ్తియాల్ అయ్యింది. సిరిసిల్ల సిర్సిల్లా అయ్యింది, పైగా మధ్యలో ఎస్ బదులు సి! కోరుట్ల నియోజకవర్గం ఎన్నికల సంఘం లెక్కల్లో కోరట్ల. మూడింట్లోనూ దెబ్బతిన్నది హ్రస్వాచ్చే, గమనించారా? నిజాం కాలంలో దఫ్తరంతా ఉర్దూలో నడిచింది, ఉర్దూ రాతలో హ్రస్వాలు మామూలుగా రాయరు. ఆ కాగితాల్లోంచే ఈ స్పెల్లింగులు పుట్టాయని నా ఊహ.

మరి సరిచేయొచ్చు కదా అంటారు. పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

యునిక్స్‌లో ఫైలు సృష్టించే కాల్ "క్రియేట్"కి చివరి ఇ అక్షరం లేదు. మళ్ళీ చేయాల్సొస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ఇ పెడతానని కెన్ థామ్సన్ అన్నాడట. పెట్టలేదు మాత్రం :) దానికంటే నాకు నచ్చే కథ లైనక్స్‌లోని యూనేమ్‌ది. 1991లో మొదటి వెర్షన్ హెడర్లో యూనేమ్ నంబరు 59. దాని స్ట్రక్చర్లో ఒక్కో పేరుకి 9 బైట్లే. చాల్లేదు, 65 చేశారు. తర్వాత డొమైన్ నేమ్ కూడా కావాల్సొచ్చింది. ఇప్పుడు 32 బిట్ ఇంటెల్ హెడర్ తెరిస్తే 59 ఎదురుగా ఓల్డ్ ఓల్డ్ యూనేమ్, 109 ఎదురుగా ఓల్డ్ యూనేమ్, 122 ఎదురుగా అసలు యూనేమ్ కనిపిస్తాయి. చూడ్డానికి అసహ్యంగానే ఉంటుంది. కానీ కంపైలైన పాత ప్రోగ్రాముకి పేరు తెలీదు, 59 ఒక్కటే తెలుసు. అందుకే పేరు కొత్త నంబరుకి వెళ్ళింది, పాత నంబరు పాత పనే చేస్తూ ఉండిపోయింది.

సరిగ్గా ఇదే పని మన రాష్ట్రాల విషయంలో జరిగింది. జీఎస్టీ కోడ్ల పట్టికలో 28 అంటే విభజనకు ముందటి ఆంధ్రప్రదేశ్. తెలంగాణకి 36 ఇచ్చారు, మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కి 37. పేరు అదే, హద్దులు మారాయి కాబట్టి నంబరు కొత్తది. ఎవరు చేశారో గానీ కెర్నెల్ వాళ్ళలాగే ఆలోచించారు.

బండి నంబర్ల దగ్గరికొచ్చేసరికి ఇంత నిదానం లేదు. ఉమ్మడి రాష్ట్రంలో కరీంనగర్ జిల్లా ఏపీ 15. 2014లో టీఎస్ 02. 2016 అక్టోబరు 11న జిల్లా ముక్కలయ్యాక జగిత్యాలకి టీఎస్ 21, రాజన్న సిరిసిల్లకి టీఎస్ 23. ఉద్యమంలో జనం ప్లేట్ల మీద రాసుకున్నదేమో టీజీ! చివరికి 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ వచ్చింది. తమాషా ఏంటంటే, అంతర్జాతీయ ఐఎస్ఓ పట్టికలో తెలంగాణకి మొదట్నుంచీ టీజీనే ఉండేది. వాళ్ళు మనతో పొంతన కుదరాలని 2023 నవంబరులో దాన్ని టీఎస్ చేశారు. నాలుగు నెలలు తిరక్కుండా మనం టీజీకి వెళ్ళాం.

నన్నడిగితే టీజీకి మారడం తప్పు కాదు, పాత టీఎస్ ప్లేట్లని మార్చమని ఎవర్నీ బలవంతపెట్టలేదు కాబట్టి. జగిత్యాల బస్టాండు ముందు ఏపీ 15, టీఎస్ 02, టీఎస్ 21, టీజీ 21 నాలుగూ ఒకే వరసలో నిలబడినా పోలీసుకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మొదటి రెండక్షరాలు చూసి రాష్ట్రం తేల్చే కోడ్ రాసినవాడికి. వాడి ఇఫ్ కండిషన్లో తెలంగాణకి ఇప్పుడు రెండు పేర్లుండాలి, ఏపీ అంటే మాత్రం ఏ రాష్ట్రమో సంవత్సరం చూస్తే గానీ తెలీదు.

వీటన్నిటికీ దూరంగా ఉన్నది తపాలా శాఖ. 1972లో పిన్ కోడ్ వచ్చింది. రాష్ట్రం మారింది, జిల్లాలు మారాయి, జగిత్యాల 505327, కోరుట్ల 505326, సిరిసిల్ల 505301. కవరు మీద స్పెల్లింగు ఎలా రాసినా ఉత్తరం చేరుతుంది.