మోటార్‌సైకిల్ రోడ్ రేసింగ్: కొత్త రైడర్‌కు తగిన విభాగం

ఔత్సాహిక మోటార్‌సైకిల్ రోడ్ రేసింగ్‌లో ఇంజను సైజు, బండికి అనుమతించే మార్పులు, రైడర్ అనుభవాన్ని బట్టి విభాగాలు ఏర్పడతాయి. షోరూమ్ బండిని కొద్దిపాటి మార్పులతో నడిపేది స్టాక్. ఇంజను, సస్పెన్షన్ పనికి మరికొంత వీలిచ్చేది ప్రో-స్టాక్. కంపెనీయే ఒకే మోడల్ బండ్లు సిద్ధం చేసి అందరికీ ఇచ్చేది వన్-మేక్. టీవీఎస్ 1994 నుంచి ఇలాంటి పోటీ నడుపుతోంది. మన దేశంలో పోటీ లైసెన్సు ఇచ్చేది మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ. జాతీయ పోటీలు ఎక్కువగా చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో జరుగుతాయి కనుక తెలుగు రాష్ట్రాల రైడర్లు సాధారణంగా అక్కడికే వెళ్తారు. తొలిసారి వెళ్లేవారు 165 నుంచి 200 సీసీ బండ్ల విభాగంలో, వీలైతే వన్-మేక్‌లో మొదలుపెట్టడం మంచిది.

చిన్న బండితో మొదలుపెట్టమనడానికి అసలు కారణం నేర్చుకునే తీరులో ఉంది. అమెరికా శిక్షకుడు కీత్ కోడ్ 1983లో వెలువరించిన ‘ఎ ట్విస్ట్ ఆఫ్ ది రిస్ట్’లో రైడర్ ధ్యాసను పది డాలర్ల నోటుతో పోల్చాడు: ఒక పనికి ఎక్కువ ఖర్చుపెడితే మిగతావాటికి మిగిలేది తక్కువ. 45 హార్స్‌పవర్ బండి మీద కొత్త రైడర్ ధ్యాస చాలావరకు వేగాన్ని తట్టుకోవడానికే సరిపోతుంది. 18 హార్స్‌పవర్ బండి మీద అది బ్రేకు వేసే చోటుకు, చూపుకు, మలుపులో పట్టే గీతకు మిగులుతుంది. పైగా చిన్న ఇంజను తప్పును దాచదు. మలుపులో అనవసరంగా వేగం తగ్గిస్తే ఆ తర్వాతి స్ట్రెయిట్ పొడవునా నష్టం వెంటాడుతుంది, ల్యాప్ టైములో కనబడుతుంది. పెద్ద బండి మీద థ్రాటిల్ తిప్పి ఆ లోటు కొంత పూడ్చుకోవచ్చు. కానీ తప్పు అలాగే ఉండిపోయి అలవాటవుతుంది. పడినప్పుడూ తేడా ఉంది. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి గంటకు 100 కిలోమీటర్ల కన్నా 150 దగ్గర అది రెండుంబావు రెట్లు. టైర్లు, విరిగే విడిభాగాల ఖర్చు కూడా బండి పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఎక్కువ ల్యాపులు తిరగగలిగినవారే ఎక్కువ నేర్చుకుంటారు కాబట్టి ఇదీ శిక్షణకు సంబంధించిన విషయమే.

బరువైన రైడర్‌కు చిన్న బండి అన్యాయం చేస్తుందన్న అభ్యంతరం తరచూ వస్తుంది. లెక్క వేస్తే అంత తేడా కనబడదు. 140 కిలోల బండి మీద 60 కిలోల రైడర్ బదులు 90 కిలోల రైడర్ కూర్చుంటే మొత్తం బరువు 15 శాతం పెరుగుతుంది. 168 కిలోల నింజా 400 లాంటి పెద్ద బండి మీద 13 శాతం. చిన్న బండి ఎక్కువసేపు పూర్తి థ్రాటిల్ మీద ఉంటుంది గనుక దెబ్బ ఇంకాస్త గట్టిగా తగులుతుందన్నది నిజమే. కప్పు కోసం వచ్చినవారికి అది పెద్ద లోటు, మొదటి ఏడాది నేర్చుకోవాలనుకునేవారికి భరించదగినదే. ఇంట్లో ఆర్‌సీ 390 లాంటి పెద్ద బండి ఉండగా మరో బండి ఎందుకన్న ప్రశ్న ఇంతకన్నా బలమైనది. కానీ రోజూ ఆఫీసుకు వెళ్లే బండిని రేసుకు మార్చాలంటే అద్దాలు, లైట్లు తీయాలి, రేస్ టైర్లు వేయాలి, పడితే సొంత డబ్బుతో బాగుచేయించాలి, అప్పటిదాకా బస్సెక్కాలి. ఆ భయం ఉన్న రైడర్ ఆలస్యంగా బ్రేకు వేసి చూసే ధైర్యం చేయడు. ఇక చిన్న విభాగాల్లో రద్దీ ఎక్కువ, తాకిడికి అవకాశమూ ఎక్కువన్నది కాదనలేని మాట. అందుకే నేరుగా పోటీకి దిగకుండా ముందు శిక్షణ తరగతికో ట్రాక్ డేకో వెళ్లి, మొదటి రేసులో వెనక వరుస నుంచే నిదానంగా బయల్దేరడం క్షేమం.

ప్రవేశ రుసుము కట్టే ముందు ఆ విభాగం కిందటి సీజన్ ఫలితాల పట్టిక తెప్పించుకుని చూడండి. చివరి పదిమంది ల్యాప్ టైములు దగ్గరదగ్గరగా ఉన్న విభాగంలో మొదటి రేసు నుంచే మీ పక్కన పోటీపడే మనిషి ఉంటాడు.