ఒంటికి ఆనితే కాలర్ మైకు సిగ్నల్ ఎందుకు తెగుతుంది?

నికాహ్‌లో దూల్హా ‘ఖబూల్ హై’ అన్న మాట చివరి వరుస దాకా వినబడాలి. సరిగ్గా అప్పుడే కాలర్ మైకు గరగరలాడితే తప్పు చాలాసార్లు మైకుది కాదు, నడుముకు తగిలించిన ట్రాన్స్‌మిటర్ పెట్టిన తీరుది.

మనిషి ఒంట్లో సగానికిపైగా నీరే. అది రేడియో తరంగాలను పీల్చేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లకు ఈ ఇబ్బంది ఎక్కువ, 600 మెగాహెర్ట్జ్ సెట్లకు కొంత తక్కువ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎండల్లో షేర్వానీ లోపల చెమట కూడా తోడవుతుంది. అందుకని ఈ జాగ్రత్తలు పాటించాలి:

• ట్రాన్స్‌మిటర్‌ను చర్మానికి తగలకుండా బట్టల మీద, రిసీవర్ వైపు పెట్టాలి. చెమట తగిలేలా ఉంటే పల్చని ప్లాస్టిక్ కవర్ వేయాలి.
• యాంటెన్నా తీగను మడవొద్దు, చుట్టొద్దు, మైకు వైరుతో కలపొద్దు. 600 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుంది.
• అదే జేబులో ఫోన్ పెట్టొద్దు.
• రిసీవర్‌ను హాలు చివర కాకుండా స్టేజీ దగ్గర, జనం తలలకంటే ఎత్తులో పెట్టాలి. అక్కడి నుంచి మిక్సర్‌కు వైరు లాగొచ్చు.

కార్యక్రమానికి ముందే మైకు పెట్టుకుని, రిసీవర్‌కు వీపు తిప్పి మాట్లాడి చూడాలి. అప్పుడూ మాట తెగకపోతే బేఫికర్‌గా ఉండొచ్చు.