నంద్యాల, పాణ్యం... రెండో ఇన్నింగ్స్ పాఠాలు

ఓ చిన్న క్విజ్ ప్రశ్నతో మొదలెడతాను. ఒక కాబోయే రాష్ట్రపతినీ, ఒక ప్రధానమంత్రినీ లోక్‌సభకి పంపిన తెలుగు నియోజకవర్గం ఏది? చాలామంది హైదరాబాదో, అనంతపురమో, వరంగల్లో అంటారు. జవాబు నంద్యాల. 1977లో నీలం సంజీవరెడ్డి, 1991లో పి.వి.నరసింహారావు ఇక్కణ్ణించే గెలిచారు. ఆ లోక్‌సభ స్థానంలో ఒక ముక్క పాణ్యం. నంద్యాల నుంచి కర్నూలు పోయే దారిలో తగిలే చిన్న ఊరు. దానికి విడిగా ఇంకో లెక్క ఉంది, 1993లో అది ఒక ముఖ్యమంత్రిని అసెంబ్లీకి పంపింది.

కంగారు పడకండి, ఇది రాజకీయాల గురించి కాదు. ఈ ముగ్గురిలోనూ నాకు కనపడే పోలిక వేరే ఉంది. ముగ్గుర్నీ "వీళ్ళ పని అయిపోయింది" అని ఒకప్పుడు లోకం పక్కన పెట్టేసింది. ముగ్గురూ తిరిగొచ్చింది మాత్రం ఈ ప్రాంతం మీదుగానే. ఈ ఏడు పట్టా పుచ్చుకుని, క్యాంపస్‌లో సెలెక్ట్ కాక, లేదా ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా జాయినింగ్ డేట్ రాక, ఇంట్లో అమ్మానాన్నల మొహం చూడలేక సతమతమయ్యే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఈ చరిత్ర పనికొస్తుందని నా నమ్మకం. నంద్యాలలో రాజీవ్‌గాంధీ మెమోరియల్ ఇంజనీరింగ్ కాలేజీ 1995లోనే మొదలైంది. అంటే ఈ ఊళ్ళ పిల్లలు మన క్యూబికల్స్‌లోకి రావడం మొదలై చాన్నాళ్ళయింది. ఈ కబురు వాళ్ళకి ఇంకా దగ్గరిది.

ముందు సంజీవరెడ్డి గారి సంగతి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి ఆయనే, అప్పటికి 43 ఏళ్ళు. మధ్యలో కాంగ్రెస్ అధ్యక్షుడిగా వెళ్ళి, 1962లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. 1964లో రాజీనామా చేశారు. కారణమేమిటో తెలుసా? కర్నూలు జిల్లా బస్సు రూట్లు! ప్రైవేటు రూట్లని ఆర్టీసీ తీసుకోవడం వెనక ముఖ్యమంత్రి రాజకీయ కక్ష ఉందని బస్సుల యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఆ ఆరోపణలు అబద్ధమని చెప్తూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదు. ఆయన తరఫున వేరేవాళ్ళు ఇచ్చిన జవాబు సరిపోదని కోర్టు ఆ ఆరోపణలకి విలువిచ్చింది. ఆయన కుర్చీ దిగిపోయారు.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ మీద ఒక మాట పడ్డప్పుడు "మా మేనేజర్ చూసుకుంటాడులే", "నిజం నిలకడ మీద తెలుస్తుంది" అని ఊరుకుంటారు చూశారూ, అది చాలా ఖరీదైన అలవాటు. ప్రొడక్షన్‌లో ఏదో కూలిపోయింది, మీ పేరు బయటికొచ్చింది. ఏం జరిగింది, మీరేం చేశారు, ఎప్పుడు చేశారు... నాలుగు లైన్లలో మీరే, మీ పేరుతోనే, అదే రోజు మెయిల్ పెట్టండి. పోట్లాట అక్కర్లేదు, ఏడుపు అక్కర్లేదు. రికార్డులో మీ మాట ఉండాలి, అంతే. ముఖ్యమంత్రికే తప్పని రూలు ఫ్రెషర్‌కి తప్పుతుందా?

అక్కడితో అయిపోలేదు. 1969లో ఆయన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమని ఇందిరాగాంధీ చెప్పడంతో వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. దానికోసం అప్పటికే లోక్‌సభ స్పీకర్ పదవి వదులుకున్నారు కూడా. అంటే చేతిలో ఉన్న ఉద్యోగం పోయింది, రావాల్సిన ఆఫర్ రాలేదు అన్నమాట :) తర్వాత అనంతపురం జిల్లాకి వెళ్ళి వ్యవసాయం చేసుకున్నారు. 1977లో నంద్యాల నుంచి జనతా అభ్యర్థిగా నిలబడ్డారు. రాష్ట్రంలో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌వే, మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. మార్చిలో స్పీకర్, జులైలో ఏకగ్రీవంగా రాష్ట్రపతి! ఏ జిల్లా బస్సుల కేసు ఆయన్ని దింపిందో, పదమూడేళ్ళ తర్వాత ఆ జిల్లా నుంచే ఢిల్లీ వెళ్ళారు.

సరే, గెలిచినవాడి కథ అందరూ చెప్తారు. ఆ ఎన్నికలో ఓడిపోయినాయన సంగతేంటి? ఆయన పెండేకంటి వెంకటసుబ్బయ్య. అంతకుముందు ఇరవయ్యేళ్ళు ఎంపీ. రాష్ట్రంలో తన పార్టీ వాళ్ళందరూ గెలిచి తానొక్కడే ఓడిపోతే ఎలా ఉంటుందో ఊహించండి. క్లాసులో అందరికీ ప్లేస్‌మెంట్ వచ్చి మీ ఒక్కరికే రాకపోతే ఉంటుందే, అచ్చం అలాగన్నమాట. 1980లో ఆయన అదే నంద్యాలలో మళ్ళీ గెలిచారు, కేంద్రంలో మంత్రయ్యారు, తర్వాత బీహార్‌కీ కర్ణాటకకీ గవర్నర్‌గా చేశారు. అన్నట్టు, హైదరాబాద్‌లో 1981లో మొదలైన వాసవి ఇంజనీరింగ్ కాలేజీ వెనక ఉన్నది కూడా ఆయనే. మీ టీమ్‌లో వాసవి వాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. "ఆ ఒక్కడూ" అనిపించుకున్న మనిషి, నాలుగేళ్ళు తిరిగేసరికి వేరేవాళ్ళ జీవితాలకి బాట వేశాడు. ఒక ఏడాది రిజల్ట్‌కి మనం ఇచ్చే విలువ ఎంత ఎక్కువో చూడండి.

ఇక పాణ్యం. కోట్ల విజయభాస్కరరెడ్డి 1982 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. 1983 జనవరిలో ఎన్టీఆర్ ప్రభంజనంలో దిగిపోయారు. మొత్తం నాలుగు నెలల లోపు పని! రెజ్యూమెలో అలాంటి లైనుంటే ఇంటర్వ్యూలో ఏమడుగుతారో మనకి తెలుసు. ఆ తర్వాత దాదాపు పదేళ్ళకి, 1992 అక్టోబరులో, మళ్ళీ అదే కుర్చీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికాయన అసెంబ్లీలో సభ్యుడు కారు. పాణ్యం సీటు ఖాళీ చేయించి 1993 ఉప ఎన్నికలో అక్కణ్ణించి గెలిచారు. ఇందులో గమనించాల్సింది ఆ పదేళ్ళు. ఆయన ముఖ్యమంత్రి కుర్చీ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఎంపీగా, కేంద్రమంత్రిగా దొరికిన పని చేస్తూ పోయారు. "నా స్థాయి పని కాదు" అని ఇంట్లో కూర్చున్నవాణ్ణి పిలిచి పెద్ద కుర్చీ వేసేవాళ్ళు ఎవరూ ఉండరు. టెస్టింగ్ వచ్చినా, సపోర్ట్ వచ్చినా, నైట్ షిఫ్ట్ వచ్చినా... ముందు లోపలికి వెళ్ళండి.

చివరగా పీవీ. 1971లో ముఖ్యమంత్రి, 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమం వేడిలో రాజీనామా. తర్వాత కేంద్రంలో పెద్ద పెద్ద శాఖలు చూశారు. 1991 ఎన్నికల్లో అసలు పోటీ చెయ్యలేదు. పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్ వచ్చేద్దామనుకున్నారు. మే 21న రాజీవ్ హత్య, జూన్ 21న పీవీ ప్రధాని. ఏ సభలోనూ సభ్యత్వం లేదు కాబట్టి ఆర్నెల్లలో గెలవాలి. నంద్యాలలో గంగుల ప్రతాపరెడ్డి సీటు ఖాళీ చేశారు, తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తన పార్టీ నుంచి పోటీ పెట్టలేదు. నవంబరులో 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీ! అప్పట్లో అది గిన్నిస్ రికార్డు.

మనకి కావాల్సిన ముక్క అంతకు కొన్నేళ్ళ ముందుది. 80ల మధ్యలో, పాత తరం నాయకులకి కంప్యూటర్ తలకెక్కదన్నట్టు రాజీవ్ ఎవరితోనో అంటుంటే పీవీ చెవిన పడిందట. ఆయన గొడవ పెట్టుకోలేదు. కొడుకు చేత ఒక కంప్యూటర్ తెప్పించుకున్నారు, మాన్యువల్స్ ముందేసుకున్నారు. అరవై దాటిన వయసులో బేసిక్, కోబాల్ నేర్చుకుని, తర్వాత యూనిక్స్ దాకా వెళ్ళారని ఆయన కొడుకే తర్వాత పత్రికలకి చెప్పారు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు "నాది మెకానికల్ అన్నా, కోడింగ్ నాకెలా వస్తుంది?" అంటే నేనిచ్చే సమాధానం ఇదే.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న అడగొచ్చు. "నెగ్గుకొచ్చిన నలుగురి కథ చెప్తున్నావు, పక్కకెళ్ళి అక్కడే ఉండిపోయినవాళ్ళు వేలల్లో ఉంటారు కదా?" నిజమే, ఉంటారు. 1977 జనతా గాలి, 1991 హత్య... వీటిని ఎవరూ ప్లాన్ చెయ్యలేరు. అదృష్టాన్ని కాపీ కొట్టలేం. అయితే ఆ గాలి వీచేసరికి వీళ్ళు ఏ స్థితిలో ఉన్నారన్నది మాత్రం వాళ్ళ చేతిలో పనే. 2001లో డాట్‌కామ్ బుడగ పేలినప్పుడూ, 2008 మాంద్యంలోనూ మన కళ్ళ ముందే బ్యాచ్‌లకి బ్యాచ్‌లు ఖాళీగా ఉండిపోయాయి. మార్కెట్ తిరిగింది. తిరిగినప్పుడు ముందు పిలుపొచ్చింది ఆ ఏడాదిలో ఏదో ఒకటి నేర్చుకున్నవాళ్ళకీ, సీనియర్లతో మాట తెగగొట్టుకోనివాళ్ళకీ. నాకు తెలిసినంతవరకూ ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

సీనియర్ల మాట ఎందుకంటే, పీవీకీ కోట్లకీ ఇద్దరికీ ఎవరో ఒకరు సీటు ఖాళీ చేస్తేనే దారి దొరికింది. మన భాషలో దాన్నే రిఫరల్ అంటారు. అడగడానికి మొహమాటపడొద్దు. "అన్నా, ఏదైనా జాబ్ చూడు" అని మాత్రం అడక్కండి, దానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. "ఈ కంపెనీలో ఈ ఓపెనింగ్ చూశాను, నాకు ఈ పని వచ్చు, ఇదిగో రెజ్యూమె" అని అడిగితే అవతలివాళ్ళ పని రెండు నిమిషాలు. రెండు నిమిషాల సాయం ఎవరైనా చేస్తారు.

ఆఖరి పాఠం కాస్త చేదుగా ఉంటుంది. ప్రధానిగా దిగాక పీవీ మీద కేసులు పడ్డాయి. 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. లాయర్ల ఫీజుల కోసం హైదరాబాద్‌లో ఇల్లు అమ్మాలని చూశారు. 2004 డిసెంబరు 23న పోయినప్పుడు, జీవితమంతా పనిచేసిన పార్టీ ఆఫీసు గేటు ఆయన పార్థివదేహానికి తెరుచుకోలేదు. భారతరత్న వచ్చింది 2024లో, పోయిన ఇరవయ్యేళ్ళకి. ప్రధానికే ఇలా ఉంటే, ఐడీ కార్డు వేసుకున్నంతకాలమే మనల్ని గుర్తుపట్టే కంపెనీల సంగతి చెప్పాలా? కంపెనీకి నిజాయితీగా పని చెయ్యండి, ప్రాణం మాత్రం పెట్టుకోకండి. మొదటి జీతం నుంచే కొంత పక్కన పెట్టండి. ఆర్నెల్లు జీతం లేకపోయినా ఇల్లు గడిచే డబ్బు బ్యాంకులో పడేదాకా బైకూ, ఈఎంఐ మీద ఐఫోనూ వాయిదా వేయండి. నేర్చుకున్న విద్య, దాచుకున్న డబ్బు, పోగుచేసుకున్న మనుషులు... కంపెనీ గేటు దాటాక కూడా మీతో వచ్చేవి ఈ మూడే. మిగతావన్నీ ఐడీ కార్డుతో పాటు గేటు దగ్గర ఇచ్చేసి రావాల్సినవే.