ముట్టడిలో పుట్టిన కషాయం: 800 ఏళ్ల నాటి మందుకీ కీమో నీరసానికీ లింకేంటి?

మా పిన్నికి కీమో జరుగుతున్న రోజుల్లో ఆవిడ ఒకటే మాట అనేది: "పది గంటలు పడుకున్నా ఒంట్లో సత్తువే ఉండట్లేదురా." కీమో నీరసం అంతే. నిద్రపోతే తీరేది కాదు. సరిగ్గా అప్పుడే మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ వచ్చింది. చైనా మూలికల పొడి అట, ఎవరికైనా నీరసం మాయమట! డిలీట్ చేసేద్దామనుకున్నా. కానీ వెతికితే, దాని వెనక నిజంగానే పెద్ద కథ ఉంది.

1232వ సంవత్సరం. ఉత్తర చైనాని జిన్ వంశం పాలిస్తోంది. వాళ్ల రాజధాని కైఫెంగ్‌ని మంగోల్ సైన్యం చుట్టుముట్టింది. లోపల జనం ఆకలితో, భయంతో, నిద్ర లేకుండా బతికారు. చివరికి ముట్టడి ఎత్తేశారు. హమ్మయ్య అనుకునే లోపే జబ్బులు మొదలయ్యాయి. జ్వరం, తలనొప్పి, ఆయాసం. 12 ద్వారాలు, ఒక్కో ద్వారం నుంచి రోజుకి వెయ్యి నుంచి రెండు వేల శవాలు, దాదాపు మూడు నెలలు ఇలాగే జరిగిందని అప్పటి వైద్యుడు ఒకాయన రాశాడు. అంకె మీద అనుమానం రావొచ్చు, కానీ ఊరు శ్మశానమైన మాట నిజం.

ఆ వైద్యుడి పేరు లీ గావ్. లీ డాంగ్‌యువాన్ అని కూడా అంటారు. 1180లో డబ్బున్న ఇంట్లో పుట్టాడు. తల్లికి జబ్బు చేస్తే వచ్చిన వైద్యులు తలో మాట చెప్పారు. జబ్బేంటో తేలకుండానే ఆవిడ చనిపోయింది. ఆ బాధతోనే ఆయన జాంగ్ యువాన్సు అనే గురువు దగ్గర వైద్యం నేర్చుకున్నాడు.

కైఫెంగ్‌లో వైద్యుల లాజిక్ సింపుల్: జ్వరం ఉంది కాబట్టి బయటి నుంచి చలి ఒంట్లోకి దూరింది. చెమట పట్టించు, విరేచనాలు చేయించు. లీ గావ్ అక్కడ ఆగాడు. వీళ్లు నెలల తరబడి సగం కడుపుతో ఉన్నారు. ముట్టడి పోగానే ఒక్కసారిగా కడుపు నిండా తిన్నారు. దెబ్బ బయటి నుంచి కాదు, లోపలి నుంచి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే సింప్టమ్ ఒకటే, రూట్ కాజ్ వేరు. అలసిపోయిన ఒంటికి ఘాటు మందు వేస్తే ఉన్న శక్తి కూడా పోతుంది అన్నాడు.

1247 నాటి తన పుస్తకంలో ఇదంతా రాశాడు. ఆయన కషాయం పేరు బు జోంగ్ యీ చీ టాంగ్. అంటే, పొట్ట భాగానికి బలమిచ్చి ప్రాణశక్తిని పెంచే కషాయం అని. అందులో హువాంగ్ చీ వేరు, జిన్సెంగ్, కమలా తొక్క, మనకి తెలిసిన అతిమధురం లాంటివి ఉంటాయి.

ఈ కషాయం కొరియాకి, జపాన్‌కి కూడా వెళ్లింది. జపాన్‌లో హోచూఎక్కితో అంటారు, అక్కడ డాక్టర్లే రాసిస్తారు, ఇన్సూరెన్స్ కూడా వర్తిస్తుంది. క్యాన్సర్ నీరసానికి పనికొస్తుందా అని కొరియాలో టెస్ట్ చేసి 2010లో ఫలితాలు ప్రచురించారు. 40 మంది, రెండు వారాలు. మందు తీసుకున్న వాళ్లకి నీరసం కొంచెం తగ్గింది. కానీ పోల్చింది ఏ మందూ ఇవ్వని వాళ్లతో, డమ్మీ మందుతో కాదు. కాబట్టి ఆశ ఉంది, రుజువు చిన్నది. క్యాన్సర్‌ని తగ్గిస్తుందని మాత్రం ఎవరూ తేల్చలేదు.

ఇంకో సంగతి. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. కొన్ని మూలికలు కీమో మందులతో కలిసి గొడవ చేయొచ్చు కూడా. మా పిన్నికి ముందే బీపీ ఉంది. ఆ పొడి ఫోటో, లేబుల్ తీసుకెళ్లి ఆంకాలజిస్ట్‌కి చూపించాం. ఆయన తిట్టలేదు, చదివి "మీకు వద్దమ్మా" అన్నారు. ముందు రక్తం తగ్గిందేమో చూద్దామని టెస్ట్ రాశారు, రోజూ కాసేపు నడవమన్నారు. నీరసానికి నడక లాంటి వ్యాయామం పనిచేస్తుందనడానికి చాలా గట్టి రుజువులున్నాయి.

నాకు వింతగా అనిపించేది ఇదే. జబ్బు పేరు కాదు, ముందున్న మనిషిని చూడు అని లీ గావ్ జీవితమంతా చెప్పాడు. ఆ ఫార్వర్డేమో ఎవరికైనా ఇదే పొడి అంటోంది. కైఫెంగ్ వైద్యులు చేసిన తప్పే అది కదా!

మీ ఇంట్లో ఎవరికైనా ట్రీట్‌మెంట్ జరుగుతుంటే, వాడుతున్న ప్రతి ఆకూ ప్రతి పొడీ డాక్టర్‌కి చెప్పండి. దాచొద్దు. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.