ఉల్లికోడుకు లొంగని వరి



ఉల్లికోడు సంగతి వరంగల్లు, కరీంనగర్ వైపు వారికి, శ్రీకాకుళం వైపు వారికి కొత్తగా చెప్పవలసినది కాదు. చూడబోతే దోమంత ఈగ. రాత్రివేళ వచ్చి ఆకుల మీద గ్రుడ్లు పెట్టి పోతుంది. పిల్లపురుగు మంచు తడిలో ప్రాకుతూ ఆకుతొడుగు సందున దిగి, మొవ్వు అడుగునున్న లేత మొలకను చేరుకుంటుంది. అటు తర్వాత ఆ పిలక ఆకు వేయదు, ఉల్లికాడ మాదిరి తెల్లని గొట్టమై లేస్తుంది. దానికి వెన్ను రాదు. గొట్టం మన కంటబడేసరికి లోపలి పురుగు తన పని ముగించుకొని ఉంటుంది. అప్పుడు మందు చల్లితే ఖర్చే మిగులుతుంది.

ఈ చిక్కు మూలంగానే విత్తనంలోనే విరుగుడు వెదకాలన్న ఆలోచన బలపడింది. 1960లలో ఆ పనిలో ముందు నిలిచినది మన వరంగల్లు. ఈశ్వరకోర అనే పాత రకంలో ఉల్లికోడును తట్టుకునే గుణం కనబడింది. దానిని మారుటేరు రకం ఎం.టి.యు. 15తో సంకరపరచి డబ్ల్యు 1263ను తయారు చేశారు.

పరీక్ష ఎట్లా చేస్తారో చెబుతాను. పురుగును తప్పించుకోవాలని మనం ముందుగా నాటుతాము. వారు పురుగు రావాలని కోరి ఆలస్యంగా నాటుతారు! పరీక్షించే రకాల నడుమ టి.ఎన్. 1 వంటి, బొత్తిగా తట్టుకోలేని రకం సాళ్ళు వేస్తారు. టి.ఎన్. 1లో గొట్టాలు మెండుగా లేస్తేనే ఆ మడి లెక్కకు వస్తుంది, లేకుంటే ఆ సంవత్సరపు శ్రమ వృథాయే. తర్వాత దుబ్బు దుబ్బుకూ పిలకలు, గొట్టాలు లెక్కపెట్టి 0 నుండి 9 వరకు గుర్తులు వేస్తారు. ఒక్క గొట్టమూ లేకుంటే 0. నూటికి పాతికకు మించితే 9.

ఈ టి.ఎన్. 1 సాళ్ళ విలువ నాకు దెబ్బ తిన్న తర్వాత తెలిసింది. డిప్లొమా ముగించి ఉద్యోగంలో చేరిన తొలి రోజులు. ఒక రైతు పొలంలో ముందుగా నాటిన మడిలో గొట్టమన్నది కనబడలేదు. 'ఈ రకం ఉల్లికోడును తట్టుకుంటుంది' అని నలుగురిలో చెప్పాను. మరుసటి ఏడు చెరువు ఆలస్యంగా నిండింది. పుబ్బ కార్తెలో నాటిన ఒక పెద్దాయన నన్ను గట్టు మీద నిలబెట్టి, "సారూ, తట్టుకుంటదన్నరు గద, మరి గీ గొట్టాలేంది?" అన్నాడు. తప్పు నాదే. అంతకుముందటి ఏడు ఆ విత్తనం పురుగును తట్టుకోలేదు, పురుగు దానిని ముట్టనేలేదు. పక్కన టి.ఎన్. 1 ఒక్క సాలు ఉన్నా ఆ సంగతి బయటపడేది.

ఇక చరిత్రకు వస్తాను. 1966లో ఐ.ఆర్. 8, 1968లో జయ వచ్చాయి. దిగుబడిలో వాటికి సాటి లేదు గాని, రెండూ ఉల్లికోడుకు లొంగేవే. అప్పుడు ఐ.ఆర్. 8ను థాయిలాండు రకమైన సయాం 29తో కలిపారు. 1970ల రెండవ భాగంలో అందిన సురేఖ, ఫల్గుణ ఆ కలయిక బిడ్డలే. వీటిలో పురుగు చచ్చే తీరు కూడా వేరు. ఫల్గుణలో పురుగు చేరిన చోట లేత కణజాలం గోధుమరంగుకు తిరిగి మాడుతుంది, దానితోపాటే పురుగూ చస్తుంది. డబ్ల్యు 1263లో ఆ మాడు కనబడదు, పురుగు మాత్రం బ్రతకదు.

1965లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన అఖిల భారత వరి పథకం వలన ఒకే విత్తనాలను అనేక రాష్ట్రాలలో నాటి చూడగలిగారు. అసలు విషయం అక్కడ తేలింది. కటకం ఈగ డబ్ల్యు 1263ను తినగలదు, ఫల్గుణను తినలేదు. రాంచీలోను, మన జగిత్యాలలోను దానికి సరిగ్గా ఎదురు: ఫల్గుణ లొంగింది, డబ్ల్యు 1263 నిలిచింది. చూపుకు అన్నీ ఒకటే ఈగ, తిండిలో తేడా. 1980ల చివర శ్రీకాకుళం ప్రాంతంలో ఫల్గుణ మడులలోనే గొట్టాలు లేచాయి. అక్కడి ఈగ రెండు రకాలనూ తినగలిగినది! ఒకే విత్తనం ఊళ్ళకు ఊళ్ళు పరచుకున్నప్పుడు, దానిని అరిగించుకోగల ఏ కొద్ది ఈగలో ఉంటే వాటి సంతతే పెరుగుతుంది. ఇది ఫల్గుణ చేసిన నేరమని నేననను. అది నిలిచినంత కాలం ఎందరి గాదెలో నింపింది.

అగన్ని అనే మరో పాత రకం ఈ తరహాల ఈగలకు లొంగకపోవడం వలన, తర్వాతి సంకరాలలో దాని గుణాన్నీ వాడుకుంటున్నారు.

అందుచేత, తట్టుకుంటుందని పేరున్న రకంలో ఈసారి గొట్టం కనబడితే పీకి గట్టు మీద పారవేయకండి. విత్తనం పేరు, నాటిన తేదీ ఒక చీటీ మీద వ్రాసి, రెండు మూడు దుబ్బులు వేళ్ళతో సహా తడిగుడ్డలో చుట్టి మీ విస్తరణాధికారికి ఆ రోజే అందజేయండి. పక్క మడిలో వేరే రకం ఉంటే దానిలోనూ గొట్టాలున్నవో లేవో చూసి, అదీ అదే చీటీలో వ్రాయండి.