పెద్దల్లో ఏడీహెచ్‌డీ: చికిత్స

ఏడీహెచ్‌డీ (అవధాన లోపం, అతిచురుకుదనం) మెదడు ఎదుగుదలకు సంబంధించిన రుగ్మత. చిన్నతనంలోనే మొదలై చాలామందిలో పెద్దయ్యాకా కొనసాగుతుంది. గెంతులు, పరుగులు తగ్గినా మతిమరుపు, వాయిదాలు, తొందరపాటు మిగిలిపోతాయి. వీటిని బద్ధకం కింద జమకట్టడం అన్యాయం. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే డీఎస్ఎమ్-5 (2013) గ్రంథం ప్రకారం పెద్దల్లో అవధాన లోపానికి గాని, అతిచురుకుదనానికి గాని చెందిన లక్షణాలు కనీసం 5 ఉండాలి; కొన్నయినా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. అందుకే సైకియాట్రిస్టు బడి రోజుల గురించి అడుగుతారు, వీలైతే తల్లిదండ్రులతో కూడా మాట్లాడతారు. ఆందోళన, కుంగుబాటు, నిద్రలేమి, థైరాయిడ్ సమస్యలు కూడా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి వాటినీ పరిశీలిస్తారు.

మందుల్లో ప్రధానమైనది మిథైల్‌ఫెనిడేట్. స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజోన్ 1944లో దీన్ని తయారుచేశాడు. భార్య రీటా పేరు మీదే రిటాలిన్ అయింది. ఇది మెదడులో డోపమిన్, నార్‌అడ్రినలిన్ ప్రభావాన్ని పెంచుతుంది. గంటలోపే పని మొదలుపెడుతుంది. మామూలు మాత్ర ప్రభావం సుమారు 4 గంటలే. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, బీపీ, నాడి, బరువు చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం తరచూ కనిపించే ఇబ్బందులు. గుండె జబ్బు ఉన్నా, గతంలో మత్తు అలవాటు ఉన్నా ముందే చెప్పాలి.

బ్రిటన్‌కు చెందిన ఆరోగ్య సంస్థ నైస్ (NICE) మార్గదర్శకాలు పెద్దలకు మొదటి మందుగా మిథైల్‌ఫెనిడేట్‌ను గాని, లిస్‌డెక్సాంఫెటమిన్‌ను గాని సూచిస్తాయి. లిస్‌డెక్సాంఫెటమిన్ వంటి యాంఫెటమిన్ జాతి మందులు భారతదేశపు మందుల షాపుల్లో సాధారణంగా దొరకవు. అమెరికాలో వాటిని వాడుతున్న తెలుగువారు తిరిగివచ్చే ముందే డాక్టరుతో మాట్లాడి ప్రత్యామ్నాయం చూసుకోవాలి. మన దగ్గర ఉన్న మరో దారి అటొమాక్సెటిన్. మిథైల్‌ఫెనిడేట్‌లా ఇది ఉత్తేజక మందు (స్టిమ్యులెంట్) కాదు. పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది, రోజూ వేసుకోవాలి. మొదటి వారంలోనే పని చేయలేదని మానేయడం తొందరపాటే.

మందు ఏకాగ్రతనిస్తుంది గాని, ఏళ్ల తరబడి ఏర్పడిన అలవాట్లను దానంతట అది మార్చదు. అక్కడే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అవసరం. ఉదాహరణకు, ఆదాయపు పన్ను రిటర్ను వేయాలన్న ఆలోచనకే బెంబేలెత్తే వ్యక్తిని థెరపిస్టు మొదటి రోజు ఫారం-16 వెతికి టేబుల్ మీద పెట్టమంటారు, అంతే. మర్నాడు పోర్టల్‌లో లాగిన్ అవడం ఒక్కటే పని. ఒకే క్యాలెండరు, ఫోన్‌లో అలారం, వేళకు నిద్ర, రోజూ వ్యాయామం ఈ సాధనకు తోడు. వీటికి ఇంట్లోవాళ్ల సహకారం కూడా కావాలి.

మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలో ఉంది. ప్రిస్క్రిప్షన్ లేకుండా కొనకండి. పరీక్షల ముందు స్నేహితులిచ్చే మాత్రలు వేసుకోకండి.